తాయమ్మకు నేనిచ్చిన జవాబులు

ఇన్నేళ్లుగా నన్ను వదలని సందేహం ఒకటుంది. స్వామి పని చేసేవాడి ఇంటిని స్వామే చూసుకుంటాడని మా నాయన అనేవాడు. ఆయన ఊరేగింపుల్లో దివిటీ పట్టేవాడు. ఉత్సవాలు మొదలైతే తొమ్మిది రోజులూ ఇంటి మొహం చూసేవాడు కాదు. అలాంటి తొమ్మిది రోజుల్లోనే ఒకసారి మా చెల్లెలికి జ్వరం ముదిరి ఫిట్స్ వచ్చాయి. అమ్మ దాన్ని భుజాన వేసుకుని ఆస్పత్రి దాకా నడిచింది. చెల్లెలు బతికింది. పదో రోజు నాయన ఇంటికొచ్చి, సంగతంతా విని, "చూసినావా, స్వామే చూసుకున్నాడు" అన్నాడు. నాకప్పుడు పదేళ్లు. నడిచింది అమ్మ కదా, స్వామి ఎప్పుడొచ్చినాడు అని అడగాలనిపించింది. అడగలేదు. నాకు యాభై దాటినా, నాయన పరమపదించి పన్నెండేళ్లయినా, ఆ ప్రశ్న నా దగ్గరే ఉండిపోయింది. పూజలో కూర్చున్నప్పుడు అప్పుడప్పుడూ గొంతు దాకా వస్తుంది. తీర్థంతో పాటు దాన్నీ మింగేస్తుంటాను.

నేను దివిటీ పట్టలేదు. ఫోను పట్టాను.

తిరుపతిలో ఉండేవాళ్లకు ఈ మాట వివరించనక్కర్లేదు. ఈ ఊళ్లో కాపురముంటే చాలు, చుట్టాలూ, చుట్టాల చుట్టాలూ, ఎప్పుడో రైల్లో కలిసినవాళ్లూ అందరూ దర్శనం గురించి మనకే ఫోన్ చేస్తారు. నేను ఒక ట్రస్టు ఆఫీసులో గుమాస్తాను. సిఫార్సులు చేయగలిగినంత వాణ్ని కాను. ఏ టికెట్లు ఏ రోజు ఏ గంటకు వదులుతారు, గది దొరక్కపోతే ఎక్కడ దిగాలి, ముసలివాళ్లను ఏ దారిన తీసుకుపోవాలి, ఇలాంటివి చెబుతుంటాను. పదిమందితో పెట్టిన వాట్సాప్ గ్రూపు ఇప్పుడు తొమ్మిది వందలు దాటింది. నా పేరు శఠగోపం; అందరూ శఠగోపం స్వామీ అంటారు. ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకోను. ఇది కైంకర్యమనే అనుకున్నాను. కాదని ఇప్పటికీ గట్టిగా అనలేకపోతున్నాను.

పోయిన వారం ఇక్కడ రాస్తూ, మా అమ్మాయి శ్రీసుధ ఎడమ చేత్తో అన్నం కలుపుకుంటుంటే నేను కసురుకోవడం దగ్గర ఆగాం. అది చదవని వాళ్ల కోసం, సిగ్గుగా ఉన్నా, మళ్లీ చెబుతాను. శ్రీసుధకు పదిహేనేళ్లు. పదో తరగతి. ఏడాదిగా ఇంట్లో దాని మాట తగ్గిపోయింది. మార్కులు తగ్గాయి. తలుపేసుకుని కూర్చుంటుంది, పిలిస్తే విసుక్కుంటుంది, రెండు మెతుకులు తిని లేచిపోతుంది. ఆ ద్వాదశి నాడు భోజనాల దగ్గర నేను ఎవరికో గది వివరాలు పంపుతున్నాను. కంటి చివర ఎడమ చెయ్యి కనబడింది. "ఇదేం పద్ధతి? కుడి చేత్తో తిను" అన్నాను. నేను తల ఎత్తలేదు. నా భార్య కుముదవల్లి వడ్డిస్తున్న గరిటె కింద పెట్టేసి, దాని కుడి చెయ్యి ఒళ్లోంచి పైకి తీసింది. మణికట్టు వంకాయంత ఉబ్బి ఉంది. దెబ్బ తగిలి అప్పటికి ఒక రాత్రి గడిచిపోయింది. ఏకాదశి ఉపవాసం కాబట్టి ముందురోజు తినడం ఎవరూ చూడలేదు. పొద్దున ఆకలి లేదని పడుకుండిపోయింది. "బాత్‌రూములో జారినాను" అన్నది. మర్నాడే పుత్తూరు తీసుకుపోయాం. మా వైపు ఎముక విరిగితే ముందు గుర్తొచ్చేది పుత్తూరు కట్టే. కట్టు కట్టిన వరదయ్య ఎనిమిది రోజులకు మళ్లీ రమ్మన్నాడు.

ఇవాళ ఆ ఎనిమిదో రోజు. బడికి సెలవు.

బస్సు వడమాలపేట చేరేసరికి నా విసుగు హద్దు దాటింది. సిగ్నలు వస్తూ పోతూ ఉంది. పదిగంటలకు టికెట్లు వదులుతారు. ఆ సమయానికి ఏ గడిలో ఏది నింపాలో పక్కనుండి చెబుతానని నలభై మందికి మాటిచ్చాను. పొద్దుట్నుంచి అరవైకి పైగా మెసేజీలు వచ్చి పడ్డాయి.

ముందు సీట్లో తల్లీకూతుళ్లు. శ్రీసుధ కిటికీ వైపే తిరిగి ఉంది. వడమాలపేటలో బస్సు ఆగినప్పుడు మాత్రం మెడ చాచి ఎవరి కోసమో చూసింది. దాని స్నేహితురాలు లోహితది ఆ ఊరే. రోజూ బస్సులో తిరుపతికొచ్చి దీంతో పాటే చదువుతుంది. పరీక్షలప్పుడు మా ఇంట్లోనే ఉండిపోతుంది కూడా.

కుముద వెనక్కి తిరిగి నా చేతిలోని ఫోను వంక చూసింది. "ఇవాళ కూడానా?"

"పదిగంటలకే కదా. అయిదు నిమిషాల పని."

"మీ అయిదు నిమిషాలు నాకు తెలీదా. పోయిన తూరి అయిదు నిమిషాలని చెప్పి, నన్ను మార్కెట్లో వదిలేసి ఇంటికొచ్చేసినారు. బెండకాయలు మాత్రం మర్చిపోకుండా తెచ్చినారు."

పక్క సీట్లో పెద్దాయన నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. నేనేమన్నా పేకాడుతున్నానా, సినిమాలు చూస్తున్నానా? ఎవరి పని చేస్తున్నానో కట్టుకున్నదానికే అర్థం కాకపోతే ఇంకెవరికి చెప్పుకోవాలి? అలా అనుకుంటూనే ఇంకో మెసేజీకి జవాబు రాశాను.

వరదయ్య కట్టు కట్టేది ఇంటి ముందున్న రేకుల షెడ్డులో. డెబ్బయ్యేళ్లుంటాయి. మొదటిసారి వెళ్లినప్పుడు పసరులోకి కోడిగుడ్డు తెల్లసొన కలుపుతుంటే నేను వెనకడుగు వేశాను. మేము గుడ్డు ముట్టుకోం అన్నాను. "తినమన్లేదు కదా సామీ. ఎముకకు పూసేది. ఎముకది ఏ కులమో నేనెప్పుడూ అడగలే" అన్నాడు. కుముద నా వంక చూసి, "పుయ్యండి వరదయ్యా. ఇంటికి పోయినాక తలస్నానం చేపిస్తా, ఆయనకి" అంది.

ఆ షెడ్డులో ఇంకో నియమం ఉంది. గుంజకు ఒక వెదురుబుట్ట వేలాడుతుంటుంది. కట్టు దగ్గర కూర్చునేవాళ్లు ఫోను అందులో వేయాలి. మోగిందంటే బిడ్డ ఉలిక్కిపడుతుంది, కూర్చిన ఎముక పక్కకు పోతుంది అంటాడు వరదయ్య. మొదటిసారి ఆ బుట్ట చూసే నేను బయట నిలబడిపోయాను. ఇవాళా అదే చేద్దామనుకున్నాను.

"కుముదా, నువ్వు కూర్చో. నేను బయటుంటా."

"ఆయమ్మ మోచెయ్యి పట్టుకోవాల సామీ. ఇంకొకరు బిడ్డ మొహానికి ఎదురుగా ఉండాల" అన్నాడు వరదయ్య, నా వంక చూడకుండా పాత కట్టు విప్పుతూ. "పోయిన తూరి ఎవురూ లేక, బిడ్డ గోడను సూస్తా ఏడ్సింది. గోడకేం తెలుస్తాది?"

తొమ్మిదీ ఇరవై అయింది. పదికింకా టైముంది కదా అని ఫోను బుట్టలో వేశాను. వేసిన చెయ్యి ఏదో పోగొట్టుకున్నట్టు కాసేపు జేబు దగ్గరే తచ్చాడింది. వెళ్లి శ్రీసుధకు ఎదురుగా పీట మీద కూర్చున్నాను. అది నా భుజం పక్కనుంచి ఎటో చూస్తోంది.

వరదయ్య వెదురు బద్దలు ఒక్కొక్కటే తీసి, బొటనవేలితో మణికట్టు చుట్టూ మెల్లగా నొక్కాడు.

"యాడ పడినావు తల్లీ?"

"బాత్‌రూములో."

"సరే." ఇంకో చోట నొక్కాడు. "అయినా బాత్‌రూములో జారినోళ్లకి ఇట్ల ఇరగదు. ఎత్తు మీద్నించి దూకి, సేతులు ముందుకు ఆనించినావు. యాభై ఏండ్లుగా సూస్తా ఉండా, ఎముక నాకాడ అబద్దం సెప్పదు. నువ్వు నాకు సెప్పాల్సిన పన్లే. మీ నాయన ఎదురుగానే ఉండాడు కదా, ఆయనకి సెప్పు."

షెడ్డులో పసరు వాసన. కుముద కూతురి మోచెయ్యి పట్టుకుని, నన్నూ దాన్నీ మార్చి మార్చి చూస్తోంది. శ్రీసుధ కట్టు విప్పిన చేతిని చూసుకుంది. తర్వాత, లెక్కల సారుకు జవాబు చెబుతున్నట్టు తేలిగ్గా చెప్పింది.

"డాబా పైన నీళ్ల ట్యాంకు దిమ్మె ఎక్కినా. నెట్టు వైరు పీకినా. దిగేటప్పుడు కాలు అందక దూకేసినా."

నాకు అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. మా సందులో ఫోను సిగ్నలు అందదు. డాబా మీదుగా వచ్చే ఆ వైరే మా ఇంటికి ఆధారం. ఆ ఏకాదశి సాయంత్రం గ్రూపులో అందరం ఎవరిళ్లలో వాళ్లం కూర్చుని ఫోనులో భజన చేయాలనుకున్నాం. సరిగ్గా మొదలుపెట్టే వేళకు నెట్టు పోయింది. నేను కేబుల్ వాణ్ని తిట్టుకుంటూ మెట్లెక్కి దిగాను, దిగి ఎక్కాను. మూడో మెట్టు మీద శ్రీసుధ కూర్చుని ఉంది. కుడి చెయ్యి ఎడమ చేత్తో పొట్టకు ఆనించి పట్టుకుని ఉంది. ఇప్పుడు చెబుతుంటే కళ్లకు కట్టినట్టుంది. అప్పుడు మాత్రం నాకు కనబడింది దారికి అడ్డంగా ఉన్న మనిషి. "మెట్ల మీద కూర్చుంటారా ఎవరైనా? జరుగు" అని దాన్ని దాటుకుని పోయాను. ఒకసారి కాదు. నాలుగుసార్లు.

అది గుర్తొచ్చినందుకేనేమో, ముందు కోపమే వచ్చింది.

"వైరు పీకితే ఏమొస్తుందమ్మా? అంత ఎత్తు మీంచి పడి ఇంకేమన్నా అయ్యుంటే? నీకేం కావాలో అడగొచ్చు కదా. అడిగితే నేను ఆపేవాణ్ని కాదా?"

"అడిగినాను."

"ఎప్పుడు అడిగినావు? ఏడాదిగా నోరు విప్పి ఒక్క మాట మాట్లాడినావా నాతో?"

"అడిగినాను నాయనా. పదకొండు తూర్లు అడిగినాను. అన్నిటికీ మీరు జవాబు కూడా ఇచ్చినారు." మొదటిసారి నా కళ్లలోకి చూసింది. "తాయమ్మ అడిగింది కదా."

తాయమ్మ ఎవరో మీకు ఇంకా చెప్పలేదు. మూడు నెలల కింద నాకొక మెసేజీ వచ్చింది. "సామీ, నా పేరు తాయమ్మ. మాది వడమాలపేట. నాకు టికెట్లు వద్దు. మా మనవరాలు ఇంట్లో ఎవురితోనూ మాట్లాడదు. ఏ మొక్కు మొక్కుకుంటే మాట్లాడతాది?" అందరూ టికెట్లే అడిగేచోట ఇలా అడిగినావిడ నా మనసును తాకింది. వెంటనే రాశాను. "అమ్మా, మొక్కు అక్కర్లేదు. రోజుకు అరగంట ఆ బిడ్డ పక్కన కూర్చోండి. ఏమీ అడగవద్దు. ఎవరో వింటున్నారని తెలిస్తే ఆమే మాట్లాడుతుంది." ఆ తర్వాత వారానికి ఒకటి చొప్పున వస్తూనే ఉన్నాయి. అన్నిటికీ జవాబిచ్చాను. ఎంత పని ఉన్నా ఇచ్చాను. కుముద వాటిని వాళ్లక్కకు ఫోనులో చదివి వినిపించింది కూడా.

"తాయమ్మ లోహిత వాళ్లవ్వ" అంది శ్రీసుధ. "ఆయమ్మకి చదవడం రాదు. ఫోను వస్తే ఎత్తుతుంది, అంతే. లోహిత ఆ ఫోను ట్యూషనుకి తెస్తుంది. ఇద్దరం కలిసి మొదలుపెట్టినాం, తమాషాకి. మీరు ఎంతసేపటికి జవాబిస్తారో చూద్దామని. రెండు నిమిషాలకి ఇచ్చినారు."

"శ్రీసుధా" అంది కుముద.

"ఉండమ్మా. లోహిత మనింట్లో ఉన్నప్పుడు ఒకరోజు నేను హాల్లోకొచ్చి నాయన దగ్గర నిలబడినా. చానాసేపు నిలబడినా. 'ఉండమ్మా, ఎవరో భక్తురాలు కష్టంలో ఉంది' అన్నారు. గదిలోకి పోయి చూస్తే ఆ ఫోన్లో నాయన జవాబు. ఎంత బాగా రాసినారో. ఇద్దరం నవ్వినాం. తర్వాత నాకు నవ్వు రాలే."

ఏదో ఒకటి అనాలి కాబట్టి, "దానికి వైరు పీకాలా?" అన్నాను. నా గొంతు నాకే నచ్చలేదు.

"మీరే చెప్పినారు కదా. బిడ్డ నాయన మంచోడే, కానీ ఇంట్లో ఉన్నా లేనట్టే ఉంటాడు, ఆయనకి ఎట్ల చెప్పాల అని అడిగితే ఏం రాసినారు?"

గుర్తుంది. అలాంటి తండ్రులకు మెత్తగా చెబితే ఎక్కదు తల్లీ, ఒకరోజు గట్టిగా చెప్పండి అని రాశాను. రాసి, బాగా రాశాననుకున్నాను.

వరదయ్య రోటి దగ్గర కూర్చుని ఆకు నూరుతున్నాడు. ఏమీ విననట్టే ఉన్నాడు. నూరడం మాత్రం నెమ్మదించింది.

నేను లేచి బుట్టలోంచి ఫోను తీశాను. "సామీ" అన్నాడు వరదయ్య. "టికెట్లకు కాదు" అన్నాను. దాని ముందు కూర్చుని ఆ పదకొండూ చదవాలనిపించింది. ఒక్కొక్కటీ దాని నోటి మాటగా మళ్లీ వినాలనిపించింది. తాయమ్మ పేరు వెతికాను. టికెట్ల మెసేజీల కింద ఎక్కడో ఉంది. పక్కనే చదవని గుర్తు. పొద్దున ఆరూ నలభైకి వచ్చింది. బస్సెక్కే హడావిడిలో చూసి, టికెట్ల సంగతి కాదు కదా, తర్వాత చూద్దాంలే అనుకున్నది.

తెరిచి చదివాను.

"సామీ, పక్కన కూర్చోమని చెప్పినారు. మా ఇంట్లో కూర్చోడానికి ఎవురికీ తీరదు. అడిగి అడిగి నాకే అలుపొచ్చింది. ఇంక మీకు రాయను. ఇన్ని దినాలు జవాబిచ్చినారు, మీకు పుణ్యముంటాది."

"పొద్దున్నే ఇది కూడా రాసినావా?" అని ఫోను శ్రీసుధ ముందు పెట్టాను. కోపం లేదు నాలో. బతిమాలుతున్నట్టే అడిగాను.

అది చదివింది. రెండోసారి చదివింది.

"ఇది నేను రాయలే."

"మరి?"

"చెయ్యి విరిగినాక నేను ఆ ఫోను ముట్టనే లేదు నాయనా. లోహిత దగ్గరే ఉండాది. వాళ్లవ్వ చిత్తూరులో వాళ్ల చిన్నాయన ఇంటికి పోయింది, ఫోను వదిలేసి." ఎడమ చేత్తో నా మోకాలు పట్టుకుంది. "నిన్న బళ్లో లోహిత తన రంగు పెన్సిళ్ల డబ్బా నాకిచ్చేసింది. ఎవురినీ ముట్టనియ్యదు దాన్ని. చెయ్యి బాగైనాక గీసుకో, నాకు ఇంక అక్కర్లే అనింది. చెయ్యి విరిగిందని జాలితో ఇచ్చిందనుకున్నా. నాయనా, ఫోన్ చెయ్యండి."

చేశాను. గంట మోగింది. చివరి దాకా మోగి ఆగిపోయింది. మళ్లీ చేశాను. మూడోసారీ అంతే. ఎవరు పిలిచినా రెండో గంటకే ఎత్తేవాణ్ని నేను. అవతల ఎత్తకపోతే ఎలా ఉంటుందో నాకు తెలియనే తెలియదు.

"వాళ్ల నాయనకి చెయ్యండి. భానుచందర్ అంకుల్." నంబరు నోటికే చెప్పింది.

ఆయన వేరే కాల్‌లో ఉన్నాడని వచ్చింది. రెండోసారీ అదే. మూడోసారీ అదే.

"అంగడి ఆర్డర్లు" అంది శ్రీసుధ. "పొద్దుట్నించీ అంతే ఉంటాది. లోహిత వాళ్లమ్మ కూడా అంగట్లోనే ఉంటాది, పూతలపట్టు దగ్గర. ఇంట్లో ఇప్పుడు ఎవురూ ఉండరు."

నేను చెప్పుల్లో కాళ్లు పెట్టాను. వరదయ్య రోటి దగ్గరనుంచి లేచాడు. "ఇప్పిన సెయ్యి సామీ ఇది. పసరు ఏసి, అది పట్టేదాకా బిడ్డ కదలగూడదు, ఒక మనిసి ఈడ ఉండాల."

"మీరు ఉండండి" అంది కుముద. అప్పటికే కొంగు దోపుకుంటోంది. "లోహితకి నేను తెలుసు. నా చేత్తో ఎన్నిసార్లు అన్నం తినింది. ఫోను ఇట్లివ్వండి, దోవలో చేస్తానే ఉంటా. మీరు ఎదురుగా కూర్చోండి."

ఫోను ఇచ్చాను. ఆవిడ రోడ్డు మీదికి పరిగెత్తి ఆటో ఆపింది. "వడమాలపేట" అనడం వినబడింది. ఆటో దుమ్ములో కలిసిపోయింది. నా నలభై మందీ దాంతో పాటే వెళ్లిపోయారు. వాళ్లు నాకు గుర్తొచ్చిన మాట నిజం. ఒక క్షణం పాటు గుర్తొచ్చారు. దాచను.

మోచెయ్యి నేనే పట్టుకున్నాను. ఎదురుగా కూర్చున్నదీ నేనే. వరదయ్య రెండు బొటనవేళ్లతో ఎముకను సర్దుతుంటే శ్రీసుధ పెదవి కొరుక్కుంది. అరవలేదు.

"ఏదన్నా సెప్పు తల్లీ. నోరు ఆడతా ఉంటే నొప్పి తెలీదు. పాటో, ఎక్కమో."

శ్రీసుధ నా వంక చూసింది. నాకు తెలుసు అదేం అడగబోతోందో. ఎందుకు మర్చిపోతాను? మర్చిపోయినట్టు ఉన్నాను, అంతే.

రెండేళ్ల కింద, పదమూడేళ్లప్పుడు, అది విష్ణు క్షేత్రాలైన నూట ఎనిమిది దివ్యదేశాల పేర్లు వరుస తప్పకుండా నేర్చుకుంది. మా ఇళ్లలో పిల్లలు అవి నేర్చి, ఇంటి పెద్దకు ఒప్పజెప్పి, తీర్థం పుచ్చుకోవడం ఆనవాయితీ. తలంటుకుని, తిలకం పెట్టుకుని వచ్చి నా ముందు కూర్చుంది. శ్రీరంగం అని మొదలుపెట్టింది. నాకు ఫోనొచ్చింది. "రేపు వింటానమ్మా" అన్నాను. మర్నాడూ వచ్చింది. ఆ పైవారం వచ్చింది. ఎన్ని రేపులయ్యాయో నేను లెక్కపెట్టలేదు. తర్వాత అది రావడం మానేసింది. ఇంట్లో అలక కూడా మానేసింది. ఎదుగుతోంది కదా, మొహమాటం వచ్చిందిలే అనుకున్నాను.

"మీరొకటి బాకీ ఉన్నారు నాకు" అంది.

"ఉన్నానమ్మా."

"అమ్మ వచ్చేదాకా చెప్తా. లోహితకి ఏమీ కాకుండా ఉండాలని మనసులో అనుకుంటా చెప్తా. మీరూ అనుకోండి."

"అనుకుంటా. చెప్పు."

శ్రీరంగం అంది. వరదయ్య పసరు పట్టించడం మొదలుపెట్టాడు. కావేరి ఒడ్డునున్న ఊళ్లన్నీ ఒక్కటీ తప్పకుండా చెప్పుకుపోయింది. కంచి దగ్గరకు వచ్చేసరికి నొప్పికి గొంతు వణికింది. అక్కడి పద్నాలుగింటినీ కళ్లు మూసుకుని చెప్పింది. బద్దలు పేర్చి గుడ్డ చుడుతుంటే మలయాళ దేశంలో ఉంది. నేను ఊకొట్టలేదు. ఆ ఊకొట్టడం ఎంత సులువో, అందులో ఎంత మోసముందో నాకు తెలుసు. దాని పెదవులనే చూస్తూ కూర్చున్నాను. పై పెదవి మీద చిన్న గాటు మచ్చ ఉంది. అది ఎప్పటిదో నాకు తెలియదు. చిన్నప్పటి నుంచీ ఉందేమో. అదీ తెలియదు.

పదిగంటలు ఎప్పుడు దాటిందో తెలియలేదు. ఒకచోట అది ఆగింది. ఎనభై ఏడో, ఎనభై ఎనిమిదో. నేను అందించబోయి నోరు మూసుకున్నాను. అదే వెతుక్కుని పట్టుకుంది. అయోధ్య దాటింది, నైమిశారణ్యం దాటింది, బదరి ఎక్కి దిగింది, ద్వారక చూసింది. అహోబిలం అంది. నూట ఆరు, మా ఇంటి వరుసలో, మా కొండే. తిరుమల అంది.

అక్కడ ఆగిపోయింది.

మరిచిపోయిందనుకున్నాను. కాదు. నూట ఏడోది పాలకడలి, నూట ఎనిమిదోది పరమపదం. ఆ రెండూ ఈ భూమ్మీద లేవు. ఈ ఒంటితో ఎవరూ చూసేవి కావు. పుట్టి బుద్ధెరిగిన మా పిల్లలందరికీ తెలిసిన సంగతే అది.

"మిగతా రెండూ ఇప్పుడు వద్దు నాయనా."

"వద్దులేమ్మా."

వరదయ్య చివరి ముడి వేసి, చేతులు కడుక్కోవడానికి వెళ్లాడు. శ్రీసుధ ఎడమ చేత్తో నా చెయ్యి పట్టుకుంది. ఎప్పటి నుంచో నా దగ్గరున్న ప్రశ్న మళ్లీ గొంతు దాకా వచ్చింది. స్వామి ఎప్పుడొస్తాడు అని కాదు ఈసారి. కుముద సమయానికి చేరి ఉంటుందా అని.

"నూట ఆరు చాలు" అంది శ్రీసుధ. "మీ బాకీ తీరిపోయింది."

బయట ఆటో ఆగిన చప్పుడైంది. ఇద్దరం తల తిప్పలేదు. వాకిట్లోకి వస్తున్న అడుగులు ఒకరివో ఇద్దరివో వింటూ కూర్చున్నాం.